మా ఇంట్లో ఏమీ పోలేదు

ఇది మొదలైంది జ్యేష్ఠమాసంలో ఒక సోమవారం, ఉదయం తొమ్మిదీ పదికి. (ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. దాని మీద మరో పది నిమిషాలు జాగ్రత్త కోసం ఆగమంది మామ్మ.)

ఆ రోజుల్లో భవానీపురంలోని మా పెంకుటింట్లోకి కొన్ని మాటలకు ప్రవేశం ఉండేది కాదు. బియ్యం అయిపోయేవి కావు, నిండుకునేవి. దీపం ఆరేది కాదు, కొండెక్కేది. బయటికి వెళ్లేవాళ్లెవరూ వెళ్తున్నామనకూడదు, వస్తామనాలి. ఇల్లు మా నాన్నను కన్న మామ్మ పేరున ఉండేది, ఇంట్లో మాటల మీద పెత్తనం కూడా ఆవిడదే. ఎవరిదైనా చావు కబురు వస్తే తెచ్చినవాళ్లను వీధిలోనే నిలబెట్టి, తనే గడప దాటి వెళ్లి విని, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేది. అలాంటి ఇంటి నుంచి నేను ఇరవై రెండో ఏట ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. అగ్నిప్రమాదం, వరద, పిడుగుపాటు, దొంగతనం అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా టైపు కొట్టడం నా ఉద్యోగం. చేరి మూడు నెలలైనా కాకముందే ఆ శాస్త్రమంతా నాకు కొట్టిన పిండి అనిపించి, ముందు మా ఇంటికే పాలసీ రాయించాలని బయలుదేరాను.

"మామ్మా, ఒకవేళ ఇల్లు..." అన్నానో లేదో, "సోమవారం పూట నోరు మంచిదవ్వాలే!" అని కసిరింది. ఆలోచించి దారి మార్చాను. "అగ్నిహోత్రుడికి కోపం వచ్చిందనుకో, కంపెనీ వాళ్లు ఇస్తారు. కృష్ణమ్మ మనింటికి చూడ్డానికి వచ్చినా ఇస్తారు. పిలవని చుట్టాలొచ్చినా ఇస్తారు."

మామ్మ కళ్లు చిన్నవి చేసింది. "ఆ చుట్టాలు నా మెళ్లో గొలుసు అడిగితే?"

"బంగారం ఇందులోకి రాదు మామ్మా. దానికి వేరే రాయించుకోవాలి."

"వంటింటి పడమటి గోడ ఉంది చూడు, మీ తాతయ్య కట్టించింది. అది పాపం అలసిపోతే?"

"అలసటకు ఇవ్వరు. పాతబడటం మన ఖాతా. ఇంకోటి, ఇంటికి వేరే, ఇంట్లో సామానుకు వేరే రాయాలి. స్థలానికి అక్కర్లేదు, అది ఎక్కడికీ పోదు కాబట్టి."

"పోదు ఏమిటే, ఉంటుంది అను!"

ఉంటుంది అన్నాను. ఇల్లు అమ్మితే ఎంతొస్తుందని కాక, మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందో అంతకు రాయాలని, తక్కువకు రాస్తే వచ్చేదీ ఆ వంతునే తగ్గుతుందని కూడా చెప్పాను. "మళ్లీ ఎందుకు కడతామే?" అంటూనే మామ్మ సంతకం పెట్టింది. మా నాన్న బడిపంతులు, "మా అమ్మకు పాఠం చెప్పావంటే నువ్వు ఎవరికైనా చెప్పగలవు" అన్నాడు. నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

భాద్రపదంలో ఐదు రోజులు కురిసిన వానకు కృష్ణ పొంగి మా వీధిలో నడుము లోతు నీళ్లు నిలిచాయి. మేమంతా రెండు రోజులు మేడ ఉన్న పొరుగువారింట్లో తలదాచుకున్నాం. (వాళ్ల ఉప్మా రుణం ఇంకా తీరలేదు.) తిరిగి వచ్చేసరికి పడమటి గోడ నేలమట్టమై, పైకప్పు ఒక పక్కకు వేలాడుతోంది. నాన్నకు గోడ లేపే శక్తి లేదు. కంపెనీ ఇవ్వకపోతే మేం రెండు గదుల అద్దె కొంపలోకి, మామ్మ చల్లపల్లిలో మా అత్తయ్య ఇంటికి వెళ్లాలని తేలింది. మామ్మ ఆ మాట విని గంగాళం తోముతూ కూర్చుంది.

మర్నాడే ఆఫీసుకు కబురందించాను. నష్టం లెక్క కట్టే సర్వేయరు గారు బుధవారం వచ్చారు. మామ్మ కాఫీ ఇప్పించింది. ఆయన కాగితం తీసి, "చెప్పండి మామ్మగారూ, ఏమేం పోయాయి?" అన్నారు.

"మా ఇంట్లో ఏమీ పోలేదు నాయనా. అన్నీ ఉన్నాయి."

నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. సర్వేయరు గారు నాలుగు వైపులా చూసి, "మరి అక్కడ గోడ లేదు కదండీ?" అన్నారు.

"గోడ కూర్చుంది."

"కూర్చున్న గోడకు డబ్బెలా ఇవ్వమంటారండీ?"

"అమ్మా, నువ్వుండు, నేను చెప్తాను..." అంటూ నాన్న లేచాడు. "పాలసీ వారి పేరున ఉంది మాస్టారూ, వారే చెప్పాలి" అని ఆయన కలానికి మూత పెట్టబోయారు. ఆ క్షణంలో నా శాస్త్రమంతా తడిసిపోయింది. ఏది వస్తుందో, ఏది రాదో అన్నీ నేర్పాను గానీ, కావాలంటే నోరు తెరిచి పోయిందని చెప్పాలన్నది నేర్పలేదు.

అప్పుడు నాకు చావు కబుర్లు గుర్తొచ్చాయి. "మామ్మా, ఒక్కసారి వీధిలోకి రా" అన్నాను.

మామ్మ నా వైపు చూసింది. లేచి, కొంగు దోపుకుని, గడప దాటి, వీధి మధ్యలో నిలబడింది. ఇక మొదలుపెట్టింది. "గోడ పోయింది! పెంకులు పోయాయి! బియ్యం బస్తాలు రెండూ పోయాయి! ఏమయ్యా, రాసుకుంటున్నావా?" సర్వేయరు గారు కుర్చీ ఎత్తుకుని బయటికి పరుగెత్తారు. వీధంతా చేరింది. "పరుపులు మూడు, కోడలి కుట్టుమిషను. గొలుసు కూడా పోయింది, అది రాయకు, అందులోకి రాదట, మా పిల్ల చెప్పింది. దొడ్డి తలుపు ముందే అలిసిపోయి ఉంది, అదీ రాయకు. గంగాళం మూత కొట్టుకుపోయింది. గంగాళం ఉంది." అరగంటకు ముగించి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి, "ఆయనకు ఇంకో కాఫీ ఇవ్వండే, గొంతు ఎండిపోయి ఉంటుంది" అంది. ఆయన నవ్వు ఆపుకుంటూ, "ఇంత తేలిగ్గా ఏ సర్వే జరగలేదండీ" అన్నారు. ఆ మనిషికి నేటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. కార్తీకంలో గోడ లేచింది. మామ్మ చల్లపల్లి వెళ్లలేదు.

ఇప్పుడు నేను ఆ పేటలోనే మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాను. ఏటా పాలసీ ఫోన్లోనే కొనసాగిస్తాను, అక్షరం విడవకుండా చదువుతాను. గతంలో జరిగిన నష్టాల ప్రశ్న రాగానే మాత్రం చెప్పులు వేసుకుని కారిడార్‌లోకి వెళ్లి నింపుతాను. "ఏం పెద్దమ్మగారూ, లోపల సిగ్నల్ లేదా?" అంటుంది ఎదురింటి అమ్మాయి. లేదమ్మా అంటాను. మామ్మకు పాఠం చెప్పానని మురిసిన ఆ ఇరవై రెండేళ్ల పిల్ల ఇది చూస్తే ఎంత నవ్వుకునేదో! ఈ కింది లెక్క కూడా గడప బయట కుర్చీ వేసుకునే రాస్తున్నాను.

పోయినవి: పడమటి గోడ, పదకొండు అడుగులు. పెంకులు, రెండు వందల పద్నాలుగు. బియ్యం, రెండు బస్తాలు. పరుపులు, మూడు. కుట్టుమిషను, ఒకటి. గొలుసు, ఒకటి. గంగాళం మూత, ఒకటి.

గంగాళం ఉంది.