చిలుం మీద చేతులు

గుంటూరు నుంచి దాచేపల్లి బస్సులో నా పక్కన ఒక ముసలి సాయిబుగారు కూర్చున్నారు. ఒళ్లో కొత్త తువ్వాలు, అందులో పసిబిడ్డలా ఒక మట్టి చిలుం. హుక్కా మీద పొగాకు, నిప్పులు వేసే గిన్నె అది.

"మా ఇంటావిడది బాబూ. మసి పట్టిందని సబ్బు పెట్టి తోమాను. మట్టి కదా, సబ్బంతా తాగేసింది. ఆవిడ ఒక్క దమ్ము లాగి హుక్కా పక్కన పెట్టేసింది. నాతో మాటలూ మానేసింది."

"మరిప్పుడు?"

"బావమరిది ఇంట్లో పత్తికట్టె నిప్పుల్లో కాల్చి తెస్తున్నా. సబ్బు వాసనంతా పోయింది. ఇలాగే ఇల్లు చేరాలి."

సత్తెనపల్లి దాటాక ఎవరిదో మిరపకాయల బస్తా పిగిలింది. ఆ ఘాటుకి బస్సే తుమ్మింది. కండక్టరు తుమ్ముకి టిక్కెట్లు కృష్ణ అవతల పడి ఉంటాయి. అందరం ముక్కులు మూసుకున్నాం. సాయిబుగారు మాత్రం ఒక అరచేత్తో చిలుం మూతి, రెండో చేత్తో అడుగు కన్నం మూశారు. కళ్లు పండుమిరపకాయలయ్యాయి.

"ఆ తువ్వాలు మీ మొహానికి కట్టుకోండి సాయిబుగారూ!"

"నా ముక్కుదేముంది బాబూ, కడుక్కుంటే పోతుంది. దీన్ని కడగలేం కదా!"

ఆయనకి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే నా ముక్కు వదిలెయ్యాలి. అంత ధైర్యం నాకు లేదు.

దాచేపల్లి స్టాపులో వాళ్లావిడ ఎదురుచూస్తున్నారు. చిలుం అందుకుని కళ్లు మూసుకుని వాసన చూశారు. కిటికీల్లోంచి చూస్తూ బస్సంతా ఊపిరి బిగబట్టింది.

"ఏమయ్యా, నీ ముక్కు చూసుకున్నావా?" అన్నారావిడ, కొంగుతో ఆయన ముక్కు తుడుస్తూ.