ఫస్టుబెంచికి మేనమామ

నేను యాభై రెండు కిలోలు తూగే రోజులవి. (ఇప్పుడెంతని అడక్కండి, మా ఇంట్లో తూకం మిషను అటకెక్కింది.) ఆ వయసులో ఎవరైనా పని అప్పజెబితే అది మనవల్ల అయ్యేదా కాదా అని చూసుకునే అలవాటుండదు. ముందు 'సరే' అనేస్తాం. భయం తర్వాత తీరిగ్గా వస్తుంది. విశాఖపట్నంలో నేను పనిచేసే కంపెనీవాళ్ళు 'మూడు నెలలు వాంకూవర్ వెళ్తావా?' అన్నప్పుడూ అలాగే సరేనన్నాను. అప్పటిదాకా నేను చోడవరంలో బస్సెక్కి అనకాపల్లి దాటితేనే మా అమ్మ 'ఎక్కడున్నావు, తిన్నావా?' అని ఫోను చేసేది. అలాంటివాణ్ణి వాంకూవర్ చేరి, కిటికీలోంచి ఆగని వానని చూస్తూ, కుక్కరు మూత ఎప్పుడు తియ్యాలో అమ్మని ఫోనులో అడుగుతూ కాలం గడుపుతున్నాను. అలాంటి ఒక సాయంత్రం, ఆఫీసులో ఉండగా లెక్కల మేడమ్ ఫోను చేశారు.

లెక్కల మేడమ్ మా హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. స్కూలు వదిలి ఏళ్ళయినా ఆవిడ గొంతు వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్క సీట్లో కూర్చునే కెనడా ఆయన ఏదో ప్రమాదమనుకుని తనూ లేచాడు. ఆవిడ కూతురు నాతో ఇంటర్ చదివింది. ఎప్పుడూ మొదటి బెంచీలోనే కూర్చునేది కాబట్టి మేమంతా ఆమెని 'ఫస్టుబెంచి' అనేవాళ్ళం. ఫస్టుబెంచి కాల్గరీలో చదువు ముగించి అక్కడే ఉద్యోగంలో చేరింది, అక్కడే స్థిరపడ్డ గుంటూరు వైపు వాళ్ళబ్బాయితో పెళ్ళి కుదిరింది. అంతవరకూ నాకు తెలుసు.

"ఒరే, మా వీసాలు రాలేదురా. నాకూ, సార్‌కీ, మా తమ్ముడికీ, ఎవరికీ రాలేదు" అన్నారు మేడమ్. "హాలు బుక్కయిపోయింది. పెళ్ళికొడుకు సుట్టాలు ఎక్కడెక్కడి నుంచో టికెట్లు కొనుక్కున్నారు. పెళ్ళి ఆపొద్దని నేనే సెప్పేను. తర్వాత ఇక్కడ మన ఊళ్ళో భోజనాలు పెట్టుకుంటాం. కానీ గుంట ఒక్కర్తీ ఉందిరా అక్కడ. ఆడపెళ్ళోరం అని సెప్పుకోడానికి ఒక్క మనిషి లేడు."

"నేను వెళ్తాను మేడమ్."

"వెళ్తే సరిపోదు. మేనమామ బుట్టలో మోసుకొచ్చి పీటల మీద కూకోబెట్టాలి కదా? అంచేత ఇయ్యాల్టినుంచి నువ్వే నా తమ్ముడివి. అర్థమైందా?"

మేడమ్ 'అర్థమైందా' అని అడిగితే మా క్లాసులో ఎప్పుడూ ఒకటే జవాబు. అదే చెప్పాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పకపోతే ఆవిడ ఫోను పెట్టేశాక కూడా నేనెందుకంత సేపు దాన్ని పట్టుకుని నిలబడిపోయానో మీకు తెలియదు. ఇంటర్ రెండేళ్ళూ నేను చివరి బెంచీలో కూర్చుని బోర్డు మీది పాఠం కన్నా ఫస్టుబెంచి జడనే ఎక్కువ చూశాను. ఆఖరికి ఒకరోజు ధైర్యం చేసి, నాలుగు మంచి మాటలు బట్టీపట్టి, కాలేజీ గేటు దగ్గర నిలబడ్డాను. ఆమె వచ్చింది. "ఫిజిక్స్ రికార్డు ఒకసారి ఇస్తావా?" అన్నాను. ఇచ్చింది. (నా రికార్డు అప్పటికే పూర్తయి సంతకం కూడా అయిపోయింది.) నా ప్రేమకథ మొత్తం ఇంతే. ఆమెకి ఈ కథ తెలియదు, తెలిసే అవకాశం నేనెప్పుడూ ఇవ్వలేదు. అలాంటి నన్ను, సముద్రాలకి అవతలి నుంచి ఒక్క ఫోనుతో ఆమెకి మేనమామని చేసేశారు.

ఆడపెళ్ళివారు ఒక్కడంటే మరీ బాగుండదని, కాల్గరీ వెళ్ళే దారిలో కామ్లూప్స్ అనే ఊళ్ళో ఉన్న కోటపాడోడికి ఫోను చేశాను. వాడిది కె.కోటపాడు. మా క్లాసే. చదువుకోడానికి వచ్చి ఏడాదైంది, ఒక మోటెల్లో పనిచేస్తూ పాత కారొకటి కొన్నాడు. నేను వాంకూవర్ నుంచి బస్సులో వాడి దగ్గరికి చేరగానే కావిలించుకుని, "రండి మావయ్యగారూ" అన్నాడు. నా కథ తెలిసినవాడు ప్రపంచంలో వాడొక్కడే. "ఒరే, మనవైపు మేనమామంటే వరసైనోడే కదరా! మేడమ్ సూసి సూసి భలే వరస కలిపేర్రా" అని వంటింట్లో నేల మీద కూలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. కాసేపటికి వాడూ ఆపేసి, లేచి అన్నం పెట్టాడు. పెరుగు వేస్తూ, "బాధగా ఉందేట్రా?" అన్నాడు నెమ్మదిగా. "బుట్ట ఎక్కడ దొరుకుతుందిరా?" అన్నాను నేను.

నిజంగానే అది పెద్ద సమస్య. కామ్లూప్స్‌లో పెళ్ళిబుట్ట అని అడిగితే ఎవరికి తెలుస్తుంది? బట్టలు వేసుకునే ప్లాస్టిక్ బుట్ట ఒకటి కొన్నాం. బలం చూద్దామని కోటపాడోడు అందులో కూర్చున్నాడు. పగిలింది. మర్నాడు ఊరి చివర ఒక పెద్ద కొట్లో, అన్నీ అమ్మగా మిగిలిన సామాన్ల మధ్య, దేవుడు మాకోసమే దాచినట్టు ఒక బుట్ట కనబడింది. మంచి బెత్తం అల్లిక, మనిషి కాళ్ళు ముడుచుకుని హాయిగా కూర్చునేంత వెడల్పు, లోపల ఎర్రటి మెత్తటి పరుపు కూడా! పరుపు మీద తెల్లదారంతో ఏదో బొమ్మ కుట్టి ఉంది. "ఢమరుకం లాగుందిరా, శుభం" అన్నాడు కోటపాడోడు, కళ్ళకద్దుకుని.

కారు వెనక సీట్లో బుట్టని కూర్చోబెట్టి కాల్గరీకి బయల్దేరాం. పాడేరు ఘాట్ ఎక్కినవాళ్ళం, కొండలు మాకు కొత్త కాదనుకున్నాం గానీ, ఆ కొండల ముందు మా నోళ్ళు మూతపడ్డాయి. తల వెనక్కి వాల్చినా శిఖరం కనబడదు. రెవెల్‌స్టోక్ దాటి పైకి ఎక్కుతుంటే మంచు మొదలైంది. ఇంకాస్త పైకెళ్ళేసరికి ముందు కార్లన్నీ ఆగిపోయాయి. రోడ్డు మీద మంచు జారిపడిందట, తీసేదాకా కదలడానికి లేదు. మర్నాడు పొద్దున్నే పెళ్ళి. ఆడపెళ్ళివారు మొత్తం, అంటే మేమిద్దరం, అక్కడ కొండ మీద! ఫస్టుబెంచికి ఫోను చేద్దామంటే సిగ్నల్ లేదు. నేను గోళ్ళు కొరుక్కుంటుంటే కోటపాడోడు తాను చేసుకొచ్చిన పులిహోర తీశాడు.

అప్పుడే మా వెనక బండిలోంచి ఒక ముసలావిడ ఫ్లాస్కుతో కాఫీ పట్టుకొచ్చింది. పులిహోర పెడితే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా మొత్తం తినేసి, వెనక సీటు చూసి, "ఎంత ముచ్చటైన బుట్ట! ఎవరికి?" అంది.

"మా అమ్మాయికి" అన్నాను, మేనమామ హోదాలో.

"ఓహో! ఎంత బరువుంటుంది?"

మూడు రోజులుగా నన్ను వేధిస్తున్న ప్రశ్నే అది. "యాభై అయిదు కిలోలు ఉండొచ్చు" అన్నాను.

ఆవిడ నోరు తెరిచింది. "మరి ఇందులో పడుతుందా?"

"కాళ్ళు ముడుచుకుని కూర్చుంటుందండి" అన్నాడు కోటపాడోడు.

"కొత్తవాళ్ళతో ఎలా ఉంటుంది?"

"కొంచెం కోపం ఉంది గానీ చాలా తెలివైంది" అన్నాను. "రేపే వేరే ఇంటికి పంపించేస్తున్నాం." ఆ మాట అని, అక్కర్లేకపోయినా వెనక్కి వంగి బుట్టలో పరుపు సర్దాను. ఆవిడ నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని, "బాధపడకు. మంచి ఇల్లయితే వాళ్ళు తొందరగానే అలవాటు పడిపోతారు" అంది.

ఆవిడ వెళ్ళాక కోటపాడోడు, "ఈ దేశంలో పెళ్ళికూతుళ్ళంటే ఎంత అభిమానంరా!" అన్నాడు. చీకటి పడేలోగా రోడ్డు తెరిచారు.

పెళ్ళిరోజు పొద్దున హాలులో మగపెళ్ళివారు కిక్కిరిసి ఉన్నారు. మేళం రికార్డుదైనా బాగానే మోగుతోంది. పెళ్ళికొడుకులో ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని చూశాను. మమ్మల్ని చూడగానే పట్టుపంచెతో మంచులోకి పరిగెత్తుకొచ్చి, "మీరొచ్చారు, తను పొద్దుట్నుంచీ మాట్లాడటం లేదు" అన్నాడు. నా చేతిలోని బరువు తనందుకున్నాడు. వంక దొరకలేదు.

గదిలో ఫస్టుబెంచి తలవంచుకుని కూర్చుంది. చెంపన చుక్క, తల మీద పువ్వులు, కళ్ళలో మాత్రం ఏమీ లేదు. మమ్మల్ని చూసి నవ్వబోయింది, కుదరలేదు. పెళ్ళికొడుకు అక్క బుట్టకి పువ్వులు చుడతానని తీసుకుని, పరుపు ఎత్తి, అడుగున ఉన్న చీటీ చదివింది. చదివి, నా వంక చూసింది. మళ్ళీ చీటీ చూసింది.

"అన్నయ్యగారూ, ఇది పెద్దజాతి కుక్కలు పడుకునే బుట్టండీ. ఆ బొమ్మ ఢమరుకం కాదు, బొమిక."

ముసలావిడ నిన్న ఎవరి యోగక్షేమాలు అడిగిందో అప్పుడు అర్థమైంది. భూమి చీలితే వెళ్ళిపోదును గానీ అక్కడ భూమి కూడా గడ్డకట్టి ఉంది. అప్పుడు ఫస్టుబెంచి, "ఒరే" అంది. చాన్నాళ్ళకి విన్నాను ఆ పిలుపు. "నన్ను కుక్కబుట్టలో పెళ్ళికి మోసుకెల్తావేట్రా?" అని పడీపడీ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి ఏడ్చింది, ఏడ్చి మళ్ళీ నవ్వింది, కాటుకంతా చెంపలకి దిగింది. "మా అమ్మ ఉంటే ఇద్దర్నీ బెంచీ ఎక్కించును" అంది. కోటపాడోడు పరుపు తీసి తన కొత్త పట్టు ఉత్తరీయం నాలుగు మడతలు వేసి బుట్టలో పరిచాడు. పెళ్ళికొడుకు అక్క చీటీ చింపి, "మా అమ్మకి తెలియనివ్వను" అని మాటిచ్చి, కాటుక మళ్ళీ దిద్దింది.

ముహూర్తం దగ్గరపడింది. ఫోను వీడియోలో చోడవరం వచ్చింది. మేడమ్, సార్, అసలు మేనమామ, వెనక వీధివీధంతా. నేనొకవైపు, కోటపాడోడొకవైపు పట్టుకుని లేపాం. బుట్ట మోకాలి దాకా లేచి అక్కడే ఆగిపోయింది. "పడేత్తావేటి?" అని లోపలినుంచి గుసగుసగా వినబడింది. ఫోనులోంచి మేడమ్, "ఒరే, నడుం వంచకు, నిటారుగా నిలబడు!" అని అరిచారు. నా పట్టు జారిపోతుంటే, అప్పటిదాకా అవతల నిలబడి చూస్తున్న పెళ్ళికొడుకు తండ్రి వచ్చి, "మాకూ ఓ పక్క ఇవ్వండి బావగారూ" అని పట్టుకున్నాడు. (ఆయన వయసు మా నాన్నకన్నా ఎక్కువ.) ఆయన వెనకే ఇంకో ఇద్దరు. బుట్ట తేలిగ్గా గాల్లోకి లేచింది. పీటల దగ్గర దించి చూస్తే ఫోనులో మేడమ్ లేరు, తిరుగుతున్న ఫ్యాను మాత్రం కనబడుతోంది. ఫోను ఒళ్ళో పడేసి కళ్ళు తుడుచుకుంటున్నారని తర్వాత సార్ చెప్పారు. కాసేపటికి గొంతు మాత్రం వచ్చింది: "బుట్ట బావుందిరా. ఎక్కడ కొన్నావు?"

"పెద్ద కొట్లో మేడమ్" అన్నాను. పీటల మీది పెళ్ళికూతురు తలదించుకుని భుజాలు కదిలేలా నవ్వింది. సిగ్గనుకున్నారంతా.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. నాకూ పెళ్ళయింది. నా భార్యకి ఈ కథ ఫిజిక్స్ రికార్డుతో సహా తెలుసు. చోడవరంలో ఉంటూ ఇంటినుంచే ఉద్యోగం చేస్తున్నాను. మొన్న వేసవిలో ఫస్టుబెంచి తన కూతుర్ని తీసుకుని వచ్చింది. బజార్లో నన్ను చూపించి ఏం చెప్పిందో, ఆ పిల్ల రోడ్డుకి అడ్డంగా పరిగెత్తుకొచ్చి, "తాతయ్యా!" అని అరిచింది. అమ్మకి మేనమామంటే పిల్లకి తాతే కదా, లెక్కల మేడమ్ మనవరాలు లెక్క తప్పుతుందా? రావికమతం వెళ్ళే షేర్ ఆటోవాడు తల బయటపెట్టి ఆ తాతెవరా అని వెతికాడు. నాకింకా నలభై నిండలేదు. అవతల ఫస్టుబెంచి కొంగు నోటికడ్డం పెట్టుకుని, కాల్గరీ గదిలో నవ్వినట్టే నవ్వుతోంది. బుట్టని మోకాలు దాటించలేకపోయిన ఆ పీలవాడు గుర్తొచ్చాడు. ఏమీ చెప్పలేకపోయాడు గానీ, పాపం, పిలిస్తే మాత్రం కొండలు దాటి వచ్చాడు. పిల్ల ఎత్తుకోమని చేతులు చాచింది. ఎత్తుకున్నాను. నాలుగడుగులకే నడుము పట్టేసింది. అయినా మేడమ్ ఇంటిదాకా దించలేదు.