సముద్రంలో గడ్డి నాటిన మా టీచర్

నిన్న సాయంత్రం వాన వెలిశాక పెరట్లో గరిక పీకుతున్నాను. తడి నేలలోంచి పాకుడు కాడ మూరెడు పొడవున లేచి వచ్చి, గణుపు దగ్గర టప్పున తెగింది. ఆ చప్పుడు వినగానే, పచ్చి వాసన ముక్కుకు తగలగానే చేతిలోని గరిక చేతిలోనే ఉండిపోయింది. వరలక్ష్మి టీచర్ పోయి ఇంకా ఏడాది కాలేదు. ఎవరైనా అడిగితే, నన్ను మనిషిని చేసింది ఆవిడేనని గబుక్కున చెప్పేస్తాను. చెప్పాక మాత్రం లోపల ఏదో తికమక మొదలవుతుంది. ఆవిడ నాకు చేసింది మేలా, శిక్షా అన్నది నేను ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను. రాస్తే అయినా తేలుతుందేమోనని రాస్తున్నాను.

తమిళనాట ఉన్న మా రాజపాళయానికి సముద్రం దగ్గరా దాపూ కాదు. బస్సులు మారి పోతే సగం రోజు ప్రయాణం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బతుకంతా పత్తి. మిల్లులో నూలు వడకడమో, ఆసుపత్రులకు పోయే కట్టు గుడ్డ నేయడమో మాకు తెలిసిన పనులు. టీచర్ మాకు ఆడపిల్లల బడిలో వృక్షశాస్త్రం చెప్పారు. గొంతు ఎంత పెద్దదంటే, ఆవిడ పాఠం వల్ల పక్క క్లాసు పిల్లలకు కూడా మార్కులు వస్తున్నాయని నవ్వుకునేవాళ్లం. రిటైరయ్యాక ఊరుకోకుండా, సముద్రపు గడ్డి పెంచే ఒక పథకంలో చేరారు. ఆ సంగతి నాకు ఒకరోజు షేర్ ఆటోలో ఆవిడే కనిపించినప్పుడు తెలిసింది. అప్పటికి నేను డిగ్రీ ముగించి, కట్టు గుడ్డ మడతపెట్టే పనిలో ఉన్నాను.

"ఏమే దేవకీ, ఏం చేస్తా ఉండావు?"

"కట్టు గుడ్డ మడత పెడతా ఉండాను టీచర్."

"సరి. సోమారం సముద్రంలో గడ్డి నాటేదానికి పోతా ఉండాను. వస్తావా?"

కూరగాయల సంతకు రమ్మన్నట్టు అడిగారు. నేను నవ్వాను, ఆవిడ నవ్వలేదు. పాత బస్టాండు దగ్గర దిగిపోతూ, "తెల్లారి అయిదింటి బస్సు" అని మాత్రం అన్నారు. మా నాన్న పక్కనే ఉన్న మంసాపురంలో సేద్యం చేసే మనిషి. సంగతి విని చాలాసేపు తల గోక్కున్నాడు. "మనం తరతరాలుగా గడ్డి పీకేదానికి కూలి ఇచ్చినాము. గడ్డి నాటేదానికి కూలి ఇచ్చేవాళ్లు కూడా ఉండారా? తాటిచెట్టు ఏల ఎక్కినావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడంట, అట్ల ఉండాది మీ టీచర్ కత" అన్నాడు. అయినా వెళ్లొద్దనలేదు.

రామనాథపురం దాటి తొండి వైపు పోయే దారిలో చేపలు పట్టేవాళ్ల చిన్న ఊరికి వెళ్లాం. టీచర్‌కు ఈత రాదు. పడవ కదలగానే రెండు చేతులా అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నారు. బడిలో మమ్మల్ని హడలగొట్టిన మనిషి అలా ముడుచుకు కూర్చుంటే చూడలేకపోయాను. పడవ ఆగాక కళ్లు తెరిచి, నీళ్లలోకి వేలు చూపించారు. నడుము లోతు నీళ్ల కింద పచ్చటి గడ్డి, అలలతో పాటు ఒక పక్కకు వాలి లేస్తోంది. దాని మధ్య గోరంత చేపపిల్లలు.

"మన మిల్లు పొగ ఏడికి పోతాదనుకున్నావు? గాలిలోనే ఉండాది. గడ్డి దాన్ని తిని, వేళ్లతో బురద కింద దాచి పెడతాది. బురదను ఎవరూ కదిలించకుంటే ఏండ్ల తరబడి అట్లనే ఉంటాది. చేపపిల్లకు ఇదే ఉయ్యాల, ఇదే ఇల్లు."

పొగను గడ్డి తినడం, సముద్రం బురదలో దాచడం నాకు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థమైనట్టు తల ఊపాను.

గడ్డి పోయి బోసిపడిన చోట మళ్లీ నాటాలి. నాటినచోట ఒక ఏడాదంతా ఎవరూ వల లాగకూడదు. ఊరివాళ్లు దీనికి సులువుగా ఒప్పుకోలేదు. వాళ్లకు అది తిండి పెట్టే చోటు. చివరికి పీతలు పట్టే ఆడవాళ్లకు పెద్ద దిక్కయిన పాండియమ్మాళ్ ముందుకొచ్చి, "ఈ టీచరమ్మ మాటకు నేను జవాబుదారీ" అని ఊరి మధ్యలో చెప్పింది. ఆమె అలా చెప్పాక మగవాళ్లు గొణుక్కుంటూ సరేనన్నారు.

పని ఒడ్డున టార్పాలిన్ నీడలో సాగేది. వెదురు చట్రాలకు కొబ్బరితాడు అల్లి, ఆ తాడుకు గడ్డి మొక్కలను కట్టాలి. తర్వాత పడవలో తీసుకుపోయి నీటి అడుగున దించుతారు. ఎవరి చేతి గడ్డి బాగా పెరిగిందో తెలియాలని టీచర్ ఒక్కొక్కరికి ఒక్కో రంగు గుడ్డ పీలికలు ఇచ్చారు. నాది ఎరుపు. నేను సేద్యం ఇంటి పిల్లననే గర్వంతో అందరికంటే వేగంగా కట్టాను. నా మొక్కలు ముచ్చటగా కూడా ఉండేవి. ఎందుకంటే, కింద అడ్డంగా పాకే కాడను ఎక్కడికక్కడ తుంచి పారేశాను. అలా తుంచమని ఎవరూ చెప్పలేదు, నా వేళ్లే తుంచాయి. మంసాపురం చేలో పుట్టిన ప్రతి ఆడపిల్లకూ ఉగ్గుపాలతో నేర్పే పాఠం ఒకటుంది, పాకే కాడ పైరుకు శత్రువని. గరిక కాడ జానెడు మిగిలిందంటే నెల తిరిగేసరికి చేనంతా అదే. సముద్రపు గడ్డికి మాత్రం ఆ కాడే ప్రాణం. దాని కొసనుంచే కొత్త మొక్క పుడుతుంది. టీచర్ ఈ మాట మొదటి రోజే చెప్పారట. నేను ఆ వేళ చేపపిల్లలను చూస్తూ కూర్చున్నాను.

రెండు నెలలకు చూడబోయాం. పడవలో నేను, పాండియమ్మాళ్, టీచర్. మిగతావాళ్ల చట్రాల్లో గడ్డి తాడు దాటి ఇసుకలోకి పాకింది. నా చట్రాలు బోసిగా, ఒట్టి వెదురుగా ఉన్నాయి. అవి మొత్తంలో మూడో వంతు. టీచర్ చీర ఎగగట్టి, భయంతో వణుకుతూనే నీళ్లలోకి దిగారు. ఒక చట్రం దగ్గర వంగి, వాడిన మొక్కను తీసి, తెగిన గణుపును బొటనవేలితో తడిమారు. తల ఎత్తి నావైపు చూస్తారేమోనని నేను పాండియమ్మాళ్ వెనక్కి జరిగాను. ఆవిడ చూడలేదు. ఎర్ర పీలికలను ఒక్కొక్కటే విప్పి, నడుము దగ్గర దోపుకుంటూ పోయారు.

ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది. ఎవరో పాండియమ్మాళ్‌ను చూసి, "నీ జవాబు ఇదేనా? మా వలలు ఎండబెట్టించి వెదురు పండించినావా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె ముఖం నల్లబడింది. అప్పుడు టీచర్ తన పెద్ద గొంతుతో చెప్పారు.

"తప్పు ఆమెది కాదు, నాది. నేను సరిగా నేర్పించలేదు. ఇంకొక ఏడు ఇవ్వండి."

చేతులు జోడించారు. మా బడిలో ఎవరి ముందూ తల వంచని మనిషి. నేను ఆ పక్కనే, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఒక్క మాట అంటే చాలు. అనలేదు. పని పోతుందనా, సేద్యం తెలుసన్న గర్వం పోతుందనా, దేనికి భయపడ్డానో ఇప్పుడు గుర్తు చేసుకున్నా తెలియడం లేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఆగినచోట, "టీచర్, ఆ చట్రాలు..." అని మొదలుపెట్టాను.

"ఆకలిగా ఉండాదా? పరోటా తిందాము దా" అన్నారు.

తిన్నాం. ఆవిడ రెండు, నేను మూడు. నా నోరు మూయించారో, నేనే ఇంకొక్కసారి మొదలుపెట్టాలని ఎదురు చూశారో తెలియదు. రెండోసారి నేను మొదలుపెట్టలేదు.

మరుసటి ఏడు నన్ను పనిలోంచి తీసేస్తారనుకున్నాను. తీసేయకపోగా, అవే ఎర్ర పీలికలు ఉతికి తెచ్చి నా చేతిలో పెట్టారు. కొత్తగా వచ్చిన ఆడవాళ్లను చూపించి, "పాకే కాడ గురించి వీళ్లకు నువ్వే చెప్పు" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. వెక్కిరిస్తున్నారా, నమ్ముతున్నారా? ఆ కోపంలోనే చెప్పాను, ఎంత బాగా చెప్పానంటే ఎవరూ ఒక్క కాడ తుంచలేదు. నాకు ఆ పాఠం ఎలా వచ్చిందో మాత్రం చెప్పలేదు. తర్వాత ఆ పనే నా ఉద్యోగమైంది. ఇప్పుడు తీరం పొడుగునా ఊరూరా తిరిగి నేర్పుతున్నాను.

ఆ చోట గడ్డి వచ్చింది. పీతలు, రొయ్యలు కూడా వచ్చాయి. మేం నాటినందుకే వచ్చిందని టీచర్, వల లాగకుండా వదిలేస్తే దానంతట అదే వచ్చేదని ఒక ముసలాయన, ఏటేటా వాదించుకునేవారు. ఎవరిది నిజమో నాకిప్పటికీ తెలియదు. ఇద్దరి మాటలూ విని ఇద్దరికీ తల ఊపేదాన్ని.

పోయిన ఆడి మాసంలో, అంటే ఆషాఢం రోజుల్లో, టీచర్ నిద్రలోనే పోయారు. పదకొండేళ్లు ఆవిడ పక్కన తిరిగి, చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేదు. నాకు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. పదహారో రోజు కార్యం అయ్యాక ఒంటరిగా బస్సెక్కి ఆ ఊరికి పోయాను. పాండియమ్మాళ్ వాకిట్లో కూర్చుని వలలో చిక్కిన పీతను విడదీస్తోంది. జుట్టంతా నెరిసింది. ఎదురుగా కూర్చుని, ఆ ఎర్ర పీలికల చట్రాలు నావని, కాడలు తుంచింది నేనేనని, ఆమె మాట పోయింది నా వల్లేనని చెప్పేశాను. ఆమె పీత మీదనుంచి కళ్లు తిప్పలేదు. తమిళంలో ఆమె అన్నదాన్ని మా మాటలో రాస్తున్నాను.

"తెలుసు. మీ టీచరమ్మ ఆ పొద్దే నాతో ఒక్కదానితో చెప్పింది. ఆ పిల్ల తానే వచ్చి చెప్తాది, అంతవరకు నువ్వు అడగొద్దు అనింది. సరి అన్నాను."

ఆమె పీత కాలికి చుట్టుకున్న దారం తప్పించి మళ్లీ అంది.

"నేను రెండేండ్లు చూసినాను. ఆమీద మరిచిపోయినాను. ఆమె మరవలేదు. వచ్చినప్పుడంతా అడిగేది, దేవకి వచ్చి చెప్పిందా అని. లేదంటే, సరి, చెప్తాదిలే అనేది. కడసారి వచ్చినప్పుడు కూడా అడిగింది."

పీత విడిపోయింది. దాన్ని బుట్టలో వేసి, ఆమె నాకు మంచినీళ్లు తేవడానికి లోపలికి పోయింది. పదకొండేళ్లు టీచర్ నన్ను నమ్మారు. ఆ నమ్మకం నాకు తెలియకుండా దాచారు కూడా. తెలిసి ఉంటే వెంటనే వచ్చి చెప్పేదాన్ని కదా, ఎందుకు దాచారో. తెలిశాక చెబితే అది నా అంతట నేను చెప్పడం కాదనుకున్నారో ఏమో. వాకిట్లో ఒక్కదాన్నే కూర్చున్నాను. దేవకి వచ్చింది, చెప్పింది అని ఆవిడకు చెప్పడానికి ఇప్పుడు ఎవరూ లేరు.