ప్రేమలత ఎంచుకున్న కిటికీలు

కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో ప్రేమలతను ఏది కావాలో చెప్పమని అడిగినవాళ్లు లేరు. సంబంధం తండ్రి కుదిర్చాడు. ఇప్పుడు హాస్టల్లో చదువుతున్న బిడ్డకు పేరు ఆడబిడ్డ శోభ పెట్టింది. హోటల్లో పనికి కూడా వాడకట్టులో ఆడవాళ్లంతా పోతున్నారని పోయింది, అంతే. కొత్తింటికి కిటికీలు మాత్రం ఆమే ఎంచుకుంది.

శంషాబాద్ పక్క పల్లెలో, విమానాలు దిగే దారికి సరిగ్గా కింద ఉండేది వాళ్ల రేకుల ఇల్లు. విమానం వచ్చినప్పుడల్లా రేకులు వణికేవి. చెప్పే మాట సగంలో ఆపి, అది పోయాక అందుకోవాలి. ఊళ్లోవాళ్లకు అలవాటైపోయింది. తుక్కుగూడ అవతలి నుంచి వచ్చిన ప్రేమలతకు కాలేదు. పొద్దున లేస్తూనే తలనొప్పి. అత్త లచ్చమ్మ నుదుటికి శొంఠి గంధం పట్టు వేసేది కానీ, "గదొక రోగమా? మేమంత వింటలేమా?" అనేది.

విమానాశ్రయం రోడ్డుమీది హోటల్లో గదులు శుభ్రం చేసే పనికి కుదిరిన మొదటిరోజు, ప్రేమలత మంచం మీద దుప్పటి పరుస్తూ తలెత్తింది. అద్దం అవతల పెద్ద విమానం దిగుతోంది. చప్పుడు లేదు. నీళ్లడుగున చేప పోయినట్టు పోయింది. తలలో ఎన్నేళ్లుగానో ఎవరో దంచుతున్న రోకలి ఒక్కసారిగా ఆగిపోయినట్టయింది ఆమెకు. దుప్పటి కొస పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సూపర్‌వైజర్ వచ్చి కసురుకుంటే గానీ కదల్లేదు.

రేకులు పీకి స్లాబు వేసి, కిటికీల దాకా వచ్చాక, మొగుడు మల్లేశ్వర్ తల్లినీ భార్యనూ కారెక్కించుకుని రాజేంద్రనగర్ వైపు ఒక దుకాణానికి తీసుకుపోయాడు. దుకాణం యజమాని రాఘవేందర్ ఒక్కో రకం తెరిచి మూసి చూపించాడు.

"ఇవి కట్టె రెక్కలక్కా. చూపుకు బాగుంటయి గని వానకు ఉబ్బుతయి, రంగు ఏస్తనే ఉండాలె. ఇవి పక్కకు జరిపే అల్యూమినియంవి. జాగ తక్కువ పడ్తది గని సందులకెల్లి దుమ్మొస్తది. ఇగ ఇవి రెండద్దాలవి. చుట్టూ రబ్బరుంటది. హ్యాండిల్ తిప్పినమంటే విమానం మీదికెల్లి పోయినా ఇనబడది."

లచ్చమ్మ కట్టె రెక్కల దగ్గరే ఆగిపోయింది. కింద ఒక జత, మీద ఒక జత ఉన్న పాత తీరు కిటికీ అది. "గివి పెట్టుండ్రి. కిందియి మూస్తే గుట్టుంటది, మీదియి తెరిస్తే గాలొస్తది," అంది.

"మోత గూడ వస్తది గదత్తా."

"వస్తే రానియ్యి. మనుషుల మాట గూడ గా తొవ్వనే రావాలె గద బిడ్డా. మనింట్లకు గాలి గూడ అడిగి రావాల్నా?"

మల్లేశ్వర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. రాత్రంతా ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడిపి, పగలు పడుకునే మనిషి. నిద్ర చాలక కళ్లెప్పుడూ ఎర్రగానే ఉంటాయి. "నువ్వే చెప్పు ప్రేమా. నువ్వేదంటే అదే," అన్నాడు.

ప్రేమలత రెండద్దాల కిటికీ హ్యాండిల్ మీద చెయ్యి వేసి, "ఇవే," అంది.

కొత్తింట్లో ఆమె కడుపునిండా నిద్రపోయింది. తలనొప్పి పోయింది. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి హ్యాండిళ్లు తిప్పి చూసి మెచ్చుకుంటుంటే, వాటిని తానే కన్నట్టు మురిసిపోయింది. మల్లేశ్వర్ కూడా మధ్యాహ్నం దాకా కదలకుండా పడుకునేవాడు. లచ్చమ్మకే ఆ ఇల్లు పడలేదు. "చెవుల్ల దూది పెట్టినట్టున్నది," అని పొద్దున్నే వెనకవైపు రేకుల పందిరి కిందికి పోయేది. బట్టలుతికే బండ, నల్లా, నాలుగు పూలకుండీలు, గోడకవతల లింగమ్మ ఇల్లు, ఇదీ ఆమె పగటి లోకం.

ఎండాకాలం. ఆ రోజు ప్రేమలతకు పని లేదు. ఏసీ వేసి కిటికీలన్నీ బిగించారు. ముందుగదిలో మల్లేశ్వర్ గురక పెడుతున్నాడు. ప్రేమలత అన్నం తిని వెనకగదిలో నడుం వాల్చింది. కన్నంటుకుంది.

మెలకువ వచ్చేసరికి కిటికీ అవతల లింగమ్మ. రెండరచేతులతో అద్దాన్ని బాదుతోంది. నోరు పెద్దగా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. మాట లేదు. ప్రేమలతకు ముందు ఏమీ అర్థం కాలేదు. లేచి హ్యాండిల్ తిప్పగానే అరుపంతా ఒక్కసారి మీదపడింది.

"ఇంట్ల ఉన్నరా, సచ్చిన్రా? మీ అత్త నల్లా కాడ పడున్నది!"

లచ్చమ్మ నల్లా దగ్గర పక్కకు తిరిగి పడి ఉంది. నల్లా నీళ్లకు తడిసిన చీర ఒంటిమీదే ఆరిపోయింది. పందిరి నీడ పక్కకు పోయి ఎండ ముఖం మీద పడుతోంది. ఆకుకూరలమ్ముకుని ఇంటికొచ్చిన లింగమ్మ మూలుగు విని గోడమీంచి తొంగిచూసింది కాబట్టి సరిపోయింది. కిటికీకీ ఆ నల్లాకీ మధ్య ఒక మంచం పట్టేంత జాగా, అంతే.

దవాఖానలో తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషన్ చేశారు. ఎండలో చాలాసేపు పడి ఉండటం వల్ల మనిషి బాగా డస్సిపోయిందనీ, మునుపటిలా నడవటం కష్టమనీ చెప్పారు. చుట్టాలంతా వచ్చారు. శోభ వస్తూనే తల్లి మంచం పక్కన కూలబడి ఏడ్చింది. ఏడ్చి, ముఖం తుడుచుకుని వదిన వైపు తిరిగింది.

"మా అమ్మ మొత్తుకుంటే ఇనబడని ఇల్లు కట్టుకున్నవ్ గద వదినా. సల్లగ పండుకున్నవా?"

ప్రేమలత మొగుడి వైపు చూసింది. ఆ రోజు ఆయన కూడా ఇంట్లోనే ఉన్నాడు. ఆయనా నిద్రపోయాడు. దుకాణంలో నువ్వేదంటే అదే అన్నదీ ఆయనే. ఒక్కమాట చెబుతాడనుకుంది.

మల్లేశ్వర్ నేల చూస్తూ, "నేను వద్దనే అన్న. ఇనలే," అన్నాడు.

ప్రేమలత అత్త వైపు చూసింది. లచ్చమ్మ మెలకువగానే ఉంది. ఆ మాట విన్నది. విని, మెల్లగా ముఖం గోడ వైపుకు తిప్పుకుంది.

చుట్టాలు పోయాక, ప్రేమలత తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తుంటే లచ్చమ్మే నోరు విప్పింది.

"వాడు దుకాణంల ఏమన్నడో నాకు యాదికున్నది. వాడు వద్దనలే."

ప్రేమలత చెయ్యి ఆగిపోయింది. "మరి అందరి ముంగట ఎందుకు చెప్పలే అత్తా?"

"నా కొడుకు నలుగుర్ల తల దించుకుంటే నేను చూడలేను బిడ్డా. నీకైతే మాటలు పడ్డ అలవాటున్నది." కొంచెంసేపు ఆయాసపడి మళ్లీ అంది: "కిందపడ్డంక వాణ్ని పిలవలే. రాత్రంత బండి నడిపిండు, పండుకోనియ్యి అనుకున్న. నిన్నే పిలిచిన. ప్రేమా, ప్రేమా అని గొంతు పోయేదాంక పిలిచిన."

ప్రేమలత గుడ్డ పిండి, ఆరేసి, వరండాలోకి పోయి నిలబడింది. కోపగించుకోవాలో ఏడవాలో తెలియలేదు. ఆమెకు రెండూ రాలేదు.

ఇంటికి తెచ్చాక మల్లేశ్వర్ వడ్రంగిని పిలిపించి వెనకగది కిటికీ పీకించాడు. దాని స్థానంలో కట్టె రెక్కలు పెట్టించి, తల్లి మంచం ఆ పక్కనే వేశాడు. కొడుకంటే ఇట్లుండాలె అన్నారు చూడవచ్చినవాళ్లు. రెక్కలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చినా, లచ్చమ్మ మళ్లీ పందిరి కిందికి పోలేదు. ప్రేమలతకు తలనొప్పి తిరిగొచ్చింది. అయినా ఎవరితోనూ అనలేదు.

ఒకరోజు పొద్దున పనికి పోయే ముందు ఆమె ఇంట్లో మిగతా కిటికీలు కూడా బార్లా తెరిచింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చి పక్కమీద వాలిన మల్లేశ్వర్, నెత్తిమీద విమానం మోతకు ఉలిక్కిపడి లేచాడు.

"ఏందిది? అన్నీ తెరిచినవ్? నాకు నిద్రెట్ల పడ్తది?"

"నువ్వు వద్దన్న కిటికీలే గద. మూసుడెందుకు?"

మల్లేశ్వర్ లేచి వెళ్లి తానే మూసుకోవచ్చు. మూస్తే దవాఖానలో చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నట్టే, అందుకే ఆ పని చేయలేదు. ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, రోడ్డు మీదికి పోయి ఆటో ఎక్కింది. అది మొదలు రోజూ కిటికీలు తెరిచే పోయేది.

మల్లేశ్వర్ కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. తర్వాత డ్యూటీ దిగాక ఇంటికి రావడం తగ్గించి, క్యాబుల పార్కింగులోనే సీటు వెనక్కి వాల్చుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. తల్లిని చూడటానికి సాయంత్రాలు వచ్చేవాడు. ప్రేమలత అన్నం పెట్టేది. ఇద్దరిమధ్యా అన్నం, కూర, నీళ్లు తప్ప మాట ఉండేది కాదు.

బోనాలకు వచ్చిన శోభ, అన్న కార్లో పడుకుంటున్నాడని విని మండిపడింది. లింగమ్మ వింటుండగానే, "అమ్మ కాళ్లు పోయినయ్. ఇప్పుడు మా అన్నకు ఇంట్ల నిద్ర గూడ లేకుండ చేసినవ్ వదినా," అంది.

లోపలి గదిలో లచ్చమ్మ దగ్గింది గానీ ఏమీ అనలేదు. ప్రేమలత చాయ్ గ్లాసు ఆడబిడ్డ ముందు పెట్టి, "చల్లారుతది, తాగు," అని పొయ్యి దగ్గరికి పోయింది.