తోడు వచ్చిన కారు

ఈ రోజు అమ్మను కంటి డాక్టరుకు చూపిద్దామని ములకలపల్లి నుంచి ఖమ్మం బయలుదేరాను. తోడుగా మా ఊరి యాదగిరన్న తన కారులో వెనకే వచ్చాడు. మా ఇద్దరివీ ఒకే రకం ముసలి కార్లు. ఒకటి దూరం వెళితే రెండోది వెంట ఉండాలని మా ఒప్పందం.

జూలూరుపాడు చేరకముందే అడవిలో నా కారు ఆగింది. ఇంజనుకు పెట్రోలు అందించే పంపు పోయింది.

"ఫికర్ జెయ్యకు తమ్మీ, నా పంపు ఇప్పి నీదానికి పెడదం" అన్నాడు అన్న.

విప్పుతుంటే ఆ పంపు లోపలి రబ్బరు పొర చిరిగి అదీ పోయింది. సైకిలు ట్యూబు ముక్కతో అతుకు వేశాం, నిలవలేదు.

ఇంతలో ఖమ్మం బస్సొచ్చింది. అమ్మే చెయ్యెత్తి ఆపి ఎక్కింది. "చూపిచ్చుకొని మల్ల గిదే బస్సుకొస్త. మీరు యాడికి పోతరు, గీడనే ఉంటరు గద?" అంది కిటికీలోంచి.

ఉన్నాం. సాయంత్రం కళ్లలో మందు చుక్కలతో చూపు మసకగా ఉన్నా, అమ్మ బానెట్లు ఎత్తిన రెండు కార్లను పోల్చుకుని బస్సు ఆపించింది. ముగ్గురం అందులోనే ఇల్లు చేరాం.

ఆ పంపు దొరికే దుకాణం మీకెవరికైనా తెలిస్తే ఒక కార్డు ముక్క రాయండి. రెండు కావాలి.