అవ్వ బొట్టు పెట్టిన ట్రాకర్

పక్క గల్లీలో ఒకాయన ఇంటి ముందు ఆపిన కారు తెల్లారేసరికి లేదని తెలిసిన రోజు నుంచి నాకు తిండి సయించలేదు. నాకున్నది ఒక్క కారు. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించే కుటుంబాలను సిద్దిపేట నుంచి వర్గల్ సరస్వతి గుడికి తీసుకుపోయి తీసుకురావడమే నా బతుకుదెరువు. కారు పోతే ఇల్లు గడవదు.

నేను పదో తరగతి దాటలేదు. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. అందుకే కారు ఎక్కడుందో చెప్పే ట్రాకర్ కొనడానికి దుకాణానికి పోకముందే అక్కడికి పోయి, వారం పాటు సాంకేతిక పత్రికలు తిరగేసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. స్టీరింగ్ కింది సాకెట్‌లో గుచ్చే ట్రాకర్‌ను దొంగ చేయి పెట్టి పీకేస్తాడు. అయస్కాంతంతో అతుక్కునేదానికి మనమే ఛార్జింగ్ పెట్టాలి. ఆ పని నేను తప్పకుండా మరిచిపోతాను. కారు బ్యాటరీకి వైరుతో కలిపేదానిలో సొంతంగా ఒక చిన్న బ్యాటరీ కూడా ఉంటే, వైరు కోసినా కొంతసేపు కారు జాడ మన ఫోనుకు పంపుతూనే ఉంటుంది. అదే కొన్నాను.

దాన్ని బిగించడానికి ఎలక్ట్రీషియన్ ఇంటికి వచ్చాడు.

"బానెట్ కింద పెడ్త అన్నా. అద్దగంటల అయిపోతది."

"దొంగ మొదలు సూసేది ఆడనే. మీద ఇనుప రేకుంటే సిగ్నల్ సుత సక్కగ అందది."

"మరి ఏడ పెట్టమంటవ్?"

"ఎనక అద్దం కింద ప్లాస్టిక్ పలక ఉన్నది సూడు, దాని లోపల. కుడి మూలకు."

"నువ్వు లైబ్రరీల సదువుతవ్, గీడ నా నడుము పోతది" అని గొణుగుతూనే సీటు విప్పాడు.

పని అయ్యాక, ఆ జాగ మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియవద్దని ఒట్టు వేయించుకున్నాను. మూడో మనిషి అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతూ అంతా చూస్తూనే ఉంది. ఆమె మా అవ్వ, నన్ను కన్న తల్లి. అవ్వను లెక్కలోకి తీసుకోవాలని ఏ పత్రికలోనూ రాయలేదు.

నెల తిరగకుండానే దసరా వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పనిచేసే ప్రతి వస్తువుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతాం. నేను స్నానం చేసి వచ్చేసరికి కొడవలికి, కుట్టుమిషనుకు, మిక్సీకి అయిపోయింది. కారుకు బానెట్ మీద, స్టీరింగ్ మీద, నాలుగు టైర్లకు పెట్టింది. వెనక అద్దంలోంచి చూద్దును కదా, ప్లాస్టిక్ పలక మీద సరిగ్గా కుడి మూలన రూపాయి బిళ్లంత బొట్టు. రోడ్డు మీద పోయేవాళ్లందరికీ కనబడుతోంది.

"అవ్వా, గీడెందుకు పెట్టినవే?"

"గదొక మిషనే గద. పగలు రాత్రి కావలి కాస్తది, దానికొక్కదానికి పెట్టకుంటె పాపం గాదా?"

ఎదురింటాయన అప్పటికే అద్దానికి ముఖం ఆనించి చూస్తున్నాడు.

"లోపల ఏం దాసిన్రు వదినా?"

"దొంగను పట్టే డబ్బా" అంది మా అవ్వ, నేను నోరు తెరవకముందే.

మర్నాడే కారును ఎలక్ట్రీషియన్ దుకాణానికి తోలుకుపోయి ట్రాకర్‌ను ఇంకో జాగకు మార్పించాను. అతను నవ్వి నవ్వి స్క్రూ ఒకటి పోగొట్టాడు. ఇంటికి రాగానే అవ్వ అడిగింది.

"ఏడ పెట్టినవ్ కొడకా?"

"చెప్ప."

"చెప్పకుంటె నేను బొట్టెట్ల పెట్టాలె?"

"దానికి బొట్టద్దు."

ఆమె కుంకుమ భరిణె తీసుకుని లోపలికి పోయింది. నాకు అప్పుడే అనుమానం రావలసింది. శుక్రవారం వర్గల్ బేరానికి కారు తీస్తే లోపల జాగ మిగల్లేదు. సీట్ల వెనక, తలుపుల లోపలివైపు, డాష్‌బోర్డు పొడవునా, చివరికి స్టెప్నీకి కూడా బొట్లే. ఎక్కడుందో తెలియదు కాబట్టి అన్నిచోట్లా పెట్టేసింది. తడిబట్ట తెచ్చి తిట్టుకుంటూ తుడవడం మొదలుపెట్టాను. సగం తుడిచాక చేయి ఆగిపోయింది. ఒక బొట్టు సరిగ్గా ట్రాకర్ మీదే ఉంది. అవ్వ గడపలో నిలబడి నా చేతినే చూస్తోంది.

దాన్ని తుడవడానికి మనసు రాలేదు, అదొక్కటే వదిలేస్తే జాగ అవ్వకు తెలిసిపోతుంది. మిగిలిన బొట్లను అలాగే వదిలేసి బట్ట పిండి ఆరేశాను. ఆ రోజు నా కారెక్కిన కుటుంబం గుడి దాకా బట్టలకు కుంకుమ అంటిందని సణుగుతూనే ఉంది.