రాతి మీద ఎర్ర నంబరు

మొన్న మా వంటింటి గట్టుకు తెచ్చిన రాతి పలక మీద తాపీమేస్త్రీ ఎర్రరంగుతో నంబరు వేస్తుంటే, నా చేయి దానంతటదే వెళ్లి ఆయన చేయి పట్టుకుంది. ఎందుకో కోడలికి చెప్పలేకపోయాను. మన ఈడు వాళ్లైతే అర్థం చేసుకుంటారు.

పోలీసు చర్య ముగిసిన కొత్తలో, రాళ్లను పరీక్షించే సర్కారు శాఖలో చిరుద్యోగినైన నన్ను కల్వకుర్తి వైపు పల్లెలకు పంపారు. అక్కడి గుట్టల్లో పలుగురాయి, కాకిబంగారం పిడికెడేసి పలుకులుగా పెనవేసుకున్న రాతి చారలుంటాయి; వాటి నడుమ ఎక్కడో ఆరు పలకల ఆకుపచ్చ రాయి దొరుకుతుంది. అణుశక్తి పనులకు కావాలట; నా తిరుగుడంతా దానికోసమే. ముక్క కొట్టినచోట గుర్తుగా ఎర్రరంగుతో నంబరు వేయాలి, రాయి సంగతి మాత్రం మూడో కంటికి తెలియకూడదని పైఅధికారి ఆజ్ఞ. ఆ రోజుల్లో అనుమానం లేనిదెవరికి? ఊరికి నేను పోలీసుల మనిషిని, పోలీసులకు తుపాకీ పట్టిన రైతుల సంఘం మనిషిని, నాకేమో నీళ్లిచ్చిన చేతి మీద కూడా అనుమానమే.

నాకు తన కొట్టంలో చోటిచ్చిన పెద్దాయన చెలకలోనే మంచి చార ఒకటి కనబడింది. అక్కడ నంబరు వేసిన సాయంత్రం, జొన్నరొట్టె పెడుతూ ఆయన మెల్లగా అడిగాడు: "నిజం చెప్పు సారూ, గా నంబరు ఎందుకేసినవ్? మా జాగా గుంజుకుంటరా ఏంది?" బాట కొలతల కోసమన్నాను. ఆయన నమ్మలేదని, రోజూ వద్దన్నా కంచంలో పడే రెండో రొట్టె ఆ పూట పడకపోవడంతోనే తెలిసింది.

మూడోనాడు పోలీసులు ఆ ఎర్ర గుర్తు చూసి, సంఘం వాళ్ల సంకేతమని ఆయన్ను క్యాంపుకు పట్టుకుపోయారు. నేను వెంటనే పరుగెత్తాల్సింది. రాయి గుట్టు విప్పితే ఉద్యోగం పోతుందేమో, విప్పినా నమ్ముతారో లేదో, నన్నూ లోపల వేస్తారో ఏమోనని ఒక పూటంతా గుంజాటన పడి, చివరికి శాఖ కాగితం, సంచీలోని ఆకుపచ్చ రాళ్లు తీసుకెళ్లి వాళ్ల బల్ల మీద పోశాను. ఆయన్ను వదిలేశారు. కానీ ఆ ఒక్క పూటలోనే ఆయన కుడిచేయి విరగ్గొట్టారు.

బయటికొచ్చాక ఆయన నన్ను తిట్టలేదు. "రాయి కోసమని మొదలే చెప్తే, నేనే తవ్వి ఇస్తుంటి గద బిడ్డా," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు గుట్టలకు గుట్టలే నంబర్లు వేయించుకుని లారీలెక్కి పోతున్నాయి. ఎందుకని అడిగేవాళ్లే కరువయ్యారు. అడిగితే నిజం చెప్పే అలవాటు మనకు ఇకనైనా వచ్చిందా అన్నది నా అనుమానం. మేస్త్రీ నిన్న పలక బిగించాడు, నంబరు అడుగువైపుకు పోయింది. సాయంత్రం కోడలిని కూర్చోబెట్టి అంతా చెప్పాను, ఆ ఒక్క పూట ఆలస్యంతో సహా.